మందు బస్సెక్కింది... దిగిందా?

ఇంట్లో నలుగురుంటే నాలుగు మాత్రల డబ్బాలుంటున్న రోజులివి. తాతయ్యకు బీపీ మాత్ర, నాన్నకు షుగరు మాత్ర, అమ్మకు థైరాయిడ్ మాత్ర, నానమ్మకు మోకాళ్ల నొప్పుల మాత్ర. మాత్ర నోట్లో వేసుకుని గుక్కెడు నీళ్లు తాగేస్తే మన పని అయిపోయినట్టే. మందు పని మాత్రం అప్పుడే మొదలవుతుంది.

కడుపులో కరిగి, పేగుల గోడలు దాటి, కాలేయం గుండా వచ్చి రక్తంలో కలిసిన మందు నేరుగా జబ్బు దగ్గరికి పరుగెత్తుతుందని అనుకుంటాం. అలా జరగదు. చాలా మందులు ముందు రక్తంలోని ప్రొటీన్లకో, ఎర్రరక్తకణాలకో అతుక్కుంటాయి. కొన్నిటిలో నూటికి 99 పాళ్లు అలా అతుక్కునే ఉంటాయి. మనకు పనిచేసేది మిగిలిన ఆ ఒక్క పాలే!

ఇదేదో పాఠ్యపుస్తకాల సంగతి, మనకెందుకు అనుకోవద్దు. ఈ చిన్న విషయం తెలియక పసికందుల ప్రాణాలు పోయిన సందర్భం వైద్యచరిత్రలో ఉంది. రిపోర్టులో అంకె తక్కువగా ఉందని మోతాదు పెంచితే మనిషి తూలి పడిపోయే ప్రమాదమూ ఉంది. అందుకే ఈ వారం ఈ ముచ్చట.

నెత్తుట్లో తిరిగే బస్సులు

రక్తాన్ని గడ్డకట్టకుండా ఒక గాజుగొట్టంలో నిలబెడితే కాసేపటికి రెండు భాగాలవుతుంది. అడుగున ఎర్రకణాలు పేరుకుంటాయి. పైన ఎండుగడ్డి రంగులో ఉన్న ద్రవం తేలుతుంది. అదే ప్లాస్మా. మొత్తం రక్తంలో సగానికి కాస్త ఎక్కువే ఉంటుంది. చూడటానికి పలచటి ద్రవంలా ఉన్నా అందులో బోలెడు ప్రొటీన్లుంటాయి. వాటిలో పెద్దన్న ఆల్బుమిన్. ప్లాస్మా ప్రొటీన్లలో సగానికి పైగా ఇదే. ఆరోగ్యంగా ఉన్నవారిలో డెసిలీటరుకు 3.5 నుంచి 5 గ్రాముల వరకూ ఉంటుంది. కాలేయం రోజూ 10-15 గ్రాముల ఆల్బుమిన్ తయారుచేసి రక్తంలోకి వదులుతుంటుంది.

ఆల్బుమిన్‌ని సంతకు వెళ్లే బస్సు అనుకోండి. మందు అణువులు ప్రయాణికులు. రక్తనాళం రోడ్డు. జబ్బున్న చోటు సంత. బస్సులో కూర్చున్నవాళ్లు ఎంతమంది ఉన్నా సంతలో బేరం జరగదు. దిగినవాళ్లే సరుకు కొనగలరు. మందు కూడా అంతే. ఆల్బుమిన్‌కు అతుక్కుని ఉన్నంతసేపూ అది రక్తనాళాల గోడలు దాటి కణాల దగ్గరికి సులువుగా పోలేదు. మెదడులోకి వెళ్లలేదు. మూత్రపిండాల్లోని జల్లెడ గుండా జారిపోలేదు. విడిగా తిరిగే మందే ఇవన్నీ చేయగలదు. డాక్టర్లు దీన్ని 'ఫ్రీ డ్రగ్' అంటారు. మనం విడి మందు అనుకుందాం.

ఈ అతుక్కోవడం జిగురుతో అంటించినట్టు ఉండదు. మందు అణువులు క్షణక్షణం ఎక్కుతుంటాయి, దిగుతుంటాయి. విడి మందు ఖర్చయిపోతున్నకొద్దీ బస్సులోంచి మరికొంత దిగి ఆ లోటు పూడుస్తుంది. అంటే బస్సులో ఉన్నది నిల్వ సరుకు. కింద ఉన్నది చేతిలో ఉన్న సరుకు.

ఆల్బుమిన్ ఒక్కటే కాదు, మరో చిన్న బస్సు కూడా ఉంది. దాని పేరు ఆల్ఫా-1 యాసిడ్ గ్లైకోప్రొటీన్. మత్తుమందుగా వాడే లిగ్నోకెయిన్, గుండెదడకు ఇచ్చే ప్రొప్రనలాల్ లాంటివి దీన్ని ఎక్కువగా ఎక్కుతాయి. ఆపరేషన్ తర్వాత, గుండెపోటు వచ్చినప్పుడు, ఒంట్లో వాపు ఉన్నప్పుడు ఈ ప్రొటీను పెరుగుతుంది. ఆల్బుమిన్ మాత్రం అలాంటి సమయాల్లో తగ్గుతుంది. జబ్బు చేసినప్పుడు బస్సుల సంఖ్యే మారిపోతుందన్నమాట.

ఎవరు ఎక్కుతారు, ఎవరు నడుస్తారు?

అన్ని మందులూ ఒకేలా అతుక్కోవు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్‌ఫరిన్ 99 శాతం ప్రొటీన్లకు అతుక్కునే ఉంటుంది. నొప్పి మాత్రలైన ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్‌లదీ అదే దారి. ఫిట్స్‌కు ఇచ్చే ఫెనిటాయిన్ 90 శాతం అతుక్కుంటుంది. జ్వరానికి వేసుకునే పారాసెటమాల్ మామూలు మోతాదులో పావు వంతుకు మించి అతుక్కోదు. అమాక్సిసిలిన్ ఇరవై శాతం దగ్గర ఆగుతుంది. మానసిక సమస్యలకు ఇచ్చే లిథియం అసలు ప్రొటీన్లకు అతుక్కోనే అతుక్కోదు. మొత్తం విడిగానే తిరుగుతుంది.

లిథియం మోతాదు మించి ప్రమాదం వస్తే డయాలసిస్ చేసి దాన్ని బయటికి లాగేయగలగడానికి ఒక కారణం ఇదే. 99 శాతం ప్రొటీన్లకు అతుక్కున్న మందును డయాలసిస్ యంత్రం పెద్దగా తీయలేదు. యంత్రంలోని సన్న రంధ్రాల గుండా విడి మందే పోతుంది కాబట్టి.

అయితే ఎక్కువ అతుక్కునే మందు పనికిరానిదని, తక్కువ అతుక్కునేది గొప్పదని అనుకోకూడదు. మోతాదు నిర్ణయించేటప్పుడే ఇదంతా లెక్కలోకి వస్తుంది. పైగా అతుక్కోవడం వల్ల లాభాలూ ఉన్నాయి. నీళ్లలో కరగని మందులు ఒంట్లో ప్రయాణం చేయాలంటే ఏదో ఒక వాహనం ఉండాల్సిందే. నిల్వ ఉండటం వల్ల మందు ఒక్కసారిగా వచ్చి ఒక్కసారిగా పోకుండా నిలకడగా అందుతుంది.

ఈ కిటుకును శాస్త్రవేత్తలు కావాలనే వాడుకున్న సందర్భాలూ ఉన్నాయి. షుగరుకు, బరువు తగ్గడానికి ఇస్తున్న సెమాగ్లూటైడ్ పేరు ఈమధ్య అందరి నోటా వింటున్నాం. అది మన ఒంట్లో తయారయ్యే ఒక హార్మోనుకు నకలు. అసలు హార్మోను రక్తంలో కొద్ది నిమిషాలకు మించి నిలవదు. నకలులో కొన్ని మార్పులు చేసి, దానికి ఒక కొవ్వు ఆమ్లపు తోకను తగిలించారు. ఆ తోక ఆల్బుమిన్‌కు గట్టిగా అతుక్కుంటుంది. దాంతో మందు 99 శాతానికి పైగా ప్రొటీన్‌కు పట్టుకుని ఉండి, నెమ్మదిగా దిగుతూ, వారానికి ఒక్క ఇంజెక్షన్‌తో సరిపోతోంది.

అంకె చెప్పని నిజం

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వద్దాం. ల్యాబులో 'మందు రక్తంలో ఎంత ఉంది?' అని పరీక్షిస్తే మామూలుగా వచ్చే అంకె మొత్తం మందుది. అంటే బస్సులో ఉన్నవాళ్లు, కింద నడుస్తున్నవాళ్లు అందరూ కలిపి. పనిచేసేది మాత్రం కింద ఉన్నవాళ్లే. ఆరోగ్యంగా ఉన్నవారిలో ఈ రెండింటి మధ్య నిష్పత్తి దాదాపు ఒకేలా ఉంటుంది కాబట్టి మొత్తం అంకె చూసినా సరిపోతుంది. ఆల్బుమిన్ తగ్గినవారిలోనే లెక్క తప్పుతుంది.

ఫెనిటాయిన్‌నే చూడండి. 1938 నుంచీ ఫిట్స్‌కు వాడుతున్న పాత మందు ఇది. రక్తంలో మొత్తం మందు లీటరుకు 10 నుంచి 20 మిల్లీగ్రాముల మధ్య ఉండాలని చెబుతారు. అందులో పదోవంతు, అంటే 1 నుంచి 2 మిల్లీగ్రాములు విడిగా ఉంటాయి. ఇప్పుడొక పెద్దాయన్ని ఊహించుకుందాం. కిడ్నీ జబ్బుతో మూత్రంలో ప్రొటీను పోతోంది. ఆల్బుమిన్ 2 గ్రాములకు పడిపోయింది. ఫిట్స్ మందు పరీక్ష చేయిస్తే 8 అని వచ్చింది. ఉండాల్సింది కనీసం 10. 'అయ్యో, మందు తక్కువైంది' అని ఇంట్లోవాళ్లకు అనిపించడం సహజం.

కానీ బస్సులు తగ్గిపోయాయి కదా! ఇప్పుడు అతుక్కోకుండా మిగిలింది పదోవంతు కాదు, సుమారు ఐదోవంతు. 8లో ఐదోవంతు అంటే 1.6. ఇది 1 నుంచి 2 మధ్య చక్కగా ఉన్నట్టే. ఆల్బుమిన్ మామూలుగా ఉన్న మనిషిలో రిపోర్టు 16 చూపిస్తే ఎంత విడి మందు ఉంటుందో, ఈయనలో 8కే అంత ఉంది. ఇది తెలియక మోతాదు పెంచితే కళ్లు వణకడం, వస్తువులు రెండుగా కనపడటం, మాట తడబడటం, నడుస్తుంటే తూలిపోవడం, మగతగా పడుకోవడం మొదలవుతాయి. పైగా ఫెనిటాయిన్‌ది మరో తిరకాసు. కాలేయం దాన్ని ఒక హద్దు వరకే కరిగించగలదు. ఆ హద్దు దాటాక మోతాదు కొంచెం పెంచినా రక్తంలో మందు బాగా పెరిగిపోతుంది.

అందుకే న్యూరాలజిస్టులు ఫెనిటాయిన్ పరీక్షతో పాటు ఆల్బుమిన్ కూడా చూస్తారు. రెండూ కలిపి లెక్కగట్టే సూత్రం ఒకటి వాడుకలో ఉంది. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారిలో ఆల్బుమిన్‌కు మందును పట్టుకునే శక్తే తగ్గుతుంది కాబట్టి, వీలున్న చోట నేరుగా విడి మందునే కొలిపిస్తారు.

ఇలాంటి సంగతే ఇంకొకటి మన ఇళ్లలో చాలామందికి పరిచయం. థైరాయిడ్ పరీక్ష. రిపోర్టులో ఒకచోట 'టీ4' అని, మరోచోట 'ఫ్రీ టీ4' అని ఎందుకుంటుందో ఎప్పుడైనా ఆలోచించారా? థైరాక్సిన్ హార్మోను 99.9 శాతానికి పైగా ప్రొటీన్లకు అతుక్కునే ఉంటుంది. మాత్ర రూపంలో వేసుకున్నా అంతే. గర్భిణుల్లో ఈ హార్మోనును మోసే ప్రొటీను పెరుగుతుంది. దాంతో మొత్తం టీ4 మామూలు కంటే ఒకటిన్నర రెట్ల దాకా పెరుగుతుంది. ఆ అంకె చూసి 'థైరాయిడ్ ఎక్కువైంది, మాత్ర మానేద్దాం' అనుకుంటే పొరపాటే. నిజానికి గర్భం వచ్చాక చాలామందికి థైరాక్సిన్ మోతాదు పెంచాల్సి వస్తుంది. ఆ నిర్ణయం టీఎస్‌హెచ్ చూసి డాక్టరు చేస్తారు.

పసికందులు నేర్పిన పాఠం

1950ల్లో న్యూయార్కులో జరిగిన సంగతి ఇది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు ఇన్ఫెక్షన్లు రాకుండా ముందుజాగ్రత్తగా పెన్సిలిన్‌తో పాటు సల్ఫిసాక్సజోల్ అనే సల్ఫా మందు ఇచ్చేవారు. డాక్టర్ విలియం సిల్వర్‌మన్ బృందం ఈ పద్ధతిని మరో మందుతో పోల్చి చూసింది. కొందరు పిల్లలకు పాత పద్ధతి, మరికొందరికి ఆక్సీటెట్రాసైక్లిన్. 1956లో ఫలితం బయటపెట్టారు. సల్ఫా మందు తీసుకున్న పిల్లల్లోనే మరణాలు ఎక్కువ. చనిపోయిన వారిలో పలువురి మెదడులో కొన్ని భాగాలు పసుపు రంగుకు తిరిగి ఉన్నాయి.

ఎందుకిలా? పుట్టిన కొత్తలో పిల్లల ఎర్రకణాలు ఎక్కువగా విరిగిపోతుంటాయి. వాటి నుంచి బిలిరుబిన్ అనే పసుపు పదార్థం వస్తుంది. పసికందులకు కామెర్లు కనపడేది దీనివల్లే. లేత కాలేయం దాన్ని వెంటనే వదిలించుకోలేదు. అంతవరకూ దాన్ని భద్రంగా పట్టుకుని ఉండేది ఆల్బుమినే. నెలలు నిండని పిల్లల్లో ఆల్బుమిన్ అసలే తక్కువ. ఆ ఉన్న కాసిని సీట్లలోకి సల్ఫా మందు వచ్చి కూర్చుంది. బిలిరుబిన్ కిందికి దిగింది. విడిగా తిరిగే బిలిరుబిన్ నేరుగా మెదడులోకి వెళ్లింది. ఈ కారణాన్ని 1959లో గెరార్డ్ ఓడెల్ అనే పిల్లల డాక్టరు ప్రయోగాలతో వివరించారు.

మనసును కలచివేసే విషయం ఇంకొకటుంది. ఈ పిల్లల్లో చాలామంది రక్తంలో బిలిరుబిన్ అంకె ప్రమాదం అనుకునే స్థాయిలో లేనే లేదు. దిగిన బిలిరుబిన్ రక్తం వదిలి మెదడుకు చేరిపోతే, రక్తపరీక్షలో అంకె ఎక్కడ పెరుగుతుంది? అంకె బాగుందని అందరూ అనుకుంటుండగానే ప్రాణాలు పోయాయి.

ఆనాటి నుంచీ రెండు నెలలలోపు పిల్లలకు, కాన్పుకు దగ్గరపడిన తల్లులకు సల్ఫా మందుల విషయంలో డాక్టర్లు ఎంతో జాగ్రత్తగా ఉంటున్నారు. కామెర్లున్న నవజాత శిశువులకు సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్ ఇవ్వకూడదని చెప్పేదీ ఇందుకే. పెద్దపిల్లాడికి విరేచనాలకని తెచ్చిన కోట్రైమాక్సజోల్ సిరప్ అల్మారాలో మిగిలి ఉంటుంది. అందులోనూ ఉండేది సల్ఫా మందే. 'తమ్ముడికీ అదే కదా' అని నెల పిల్లాడికి ఓ అర చెంచా పట్టాలనిపించినప్పుడు ఈ కథ గుర్తుకు తెచ్చుకోండి.

ఒకరినొకరు తోసుకుంటే?

ఈ ఉదంతం తర్వాత వైద్యలోకంలో పెద్ద భయమే పట్టుకుంది. ఒక మందు మరో మందును బస్సులోంచి తోసేస్తే ఏమిటి గతి? వార్‌ఫరిన్‌నే తీసుకోండి. 99 శాతం అతుక్కుని ఉన్నది 98కి తగ్గిందనుకుందాం. చూడటానికి ఒక్క శాతమే తేడా. కానీ విడి మందు 1 నుంచి 2కి, అంటే రెట్టింపయింది! రక్తస్రావం అయిపోదా? ఫెనిల్‌బ్యూటజోన్ అనే పాత నొప్పి మాత్రతో కలిపి వాడినవారిలో నిజంగానే రక్తస్రావాలు అయ్యాయి. ఇంకేం, తోసేయడం వల్లే అని పుస్తకాల్లో రాసేశారు.

తర్వాత తేలింది వేరు. విడి మందు పెరగగానే కాలేయం, కిడ్నీలు చూస్తూ ఊరుకోవు. చేతికి దొరికిన మందు ఎక్కువైతే దాన్ని వదిలించుకునే వేగమూ పెరుగుతుంది. కొంతకాలానికి విడి మందు మళ్లీ పాత స్థాయికే వచ్చేస్తుంది. మరి ఫెనిల్‌బ్యూటజోన్ సంగతి? వార్‌ఫరిన్‌ను కరిగించే కాలేయపు ఎంజైమును అది అడ్డుకుంటోందని 1974లో పరిశోధకులు చూపించారు. తోపులాట కంటే దిగాక బయటికి పోయే దారి మూసుకుపోవడమే అసలు కారణం. మందు ప్రొటీన్లకు అతుక్కోవడంలో వచ్చే మార్పుల వల్ల రోగికి ఇబ్బంది కలిగేది చాలా తక్కువ సందర్భాల్లోనేనని 2002లో అమెరికాలో లెస్లీ బెనెట్, బెట్టీ-ఆన్ హోనర్ అనే శాస్త్రవేత్తలు లెక్కలతో సహా వివరించారు.

పసికందుల విషయంలో మాత్రం అలా ఎందుకు కాలేదు? బిలిరుబిన్‌ను వదిలించుకునే శక్తి వాళ్ల కాలేయానికి ఇంకా రాలేదు కాబట్టి. దిగినవాళ్లకు బయటికి దారి లేకపోతే ప్రమాదం. దారి ఉంటే సర్దుకుంటుంది. మొత్తం కథలో కీలకం ఇదే.

ఇది విని వార్‌ఫరిన్ వాడేవారు నొప్పి మాత్రలు నిశ్చింతగా మింగొచ్చని మాత్రం అనుకోవద్దు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి జీర్ణాశయంలో పుండ్లు పుట్టిస్తాయి, రక్తంలోని ప్లేట్‌లెట్ల పనిని మందగింపజేస్తాయి. వాటికి వార్‌ఫరిన్ తోడైతే రక్తం ఆగదు. ప్రమాదం నిజమే, కారణమే వేరు. వార్‌ఫరిన్ వాడేవారికి చేసే ఐఎన్ఆర్ పరీక్ష మందును కొలిచేది కాదు. రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చూస్తుంది. అంటే మందు చేసిన పనినే కొలుస్తుంది. అందుకే ఆల్బుమిన్ గొడవలు దాన్ని మోసం చేయలేవు.

ఎర్రకణాల్లో అద్దెకు దిగిన మందులు

కొన్ని మందులకు ప్లాస్మాలో తిరిగే బస్సు చాలదు. ఎర్రకణాల్లో గది తీసుకుని కాపురం పెడతాయి. బీపీకి వాడే క్లోర్‌థాలిడోన్ ఇందుకు మంచి ఉదాహరణ. ఎర్రకణం లోపల కార్బానిక్ అన్‌హైడ్రేజ్ అనే ఎంజైము ఉంటుంది. ఈ మందు వెళ్లి దాన్ని పట్టుకుంటుంది. ప్లాస్మాలో కంటే ఎర్రకణాల్లోనే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంటుంది. అక్కడి నుంచి నిదానంగా బయటికి వస్తుంది కాబట్టి ఒంట్లో సగం మందు తగ్గడానికే 40 నుంచి 60 గంటలు పడుతుంది. రోజుకు ఒక్క మాత్ర చాలడం దీని మంచి. ఒంట్లో సోడియం, పొటాషియం పడిపోయి మాత్ర ఆపినా ప్రభావం వెంటనే పోకపోవడం దీని చెడు. ఒకరోజు మర్చిపోయామని మర్నాడు రెండు వేసుకోనక్కర్లేదు, వేసుకోకూడదు.

షుగరు మాత్రల్లో అందరికీ తెలిసిన మెట్‌ఫార్మిన్‌ది మరీ వింత. ప్లాస్మా ప్రొటీన్లను అది దాదాపుగా పట్టించుకోదు. ఎర్రకణాల్లోకి మాత్రం మెల్లగా చేరుతుంది. ప్లాస్మాలో చూస్తే దాదాపు 6 గంటల్లో సగమవుతుంది. మొత్తం రక్తంలో చూస్తే సగం కావడానికి 17 గంటలకు పైగా పడుతుంది. ఆ తేడాకు కారణం ఎర్రకణాల్లో దాగిన మందేనని భావిస్తున్నారు.

కిడ్నీ, కాలేయం మార్పిడి చేయించుకున్నవారు వాడే టాక్రోలిమస్ విషయంలో ఇది ప్రాణావసరం. కొత్త అవయవాన్ని శరీరం తిప్పికొట్టకుండా కాపాడే మందు ఇది. మోతాదు తగ్గితే అవయవం పోతుంది, పెరిగితే కిడ్నీలే దెబ్బతింటాయి. రక్తంలో ఉన్న ఈ మందులో అత్యధిక భాగం ఎర్రకణాల్లోనే ఉంటుంది. ప్లాస్మాలో ఉన్నదానికి మొత్తం రక్తంలో సగటున 35 రెట్లు ఉంటుంది. అందుకే దీన్ని ప్లాస్మాలో కాక మొత్తం రక్తంలో కొలుస్తారు. మిగతా చాలా పరీక్షల్లో రక్తాన్ని గడ్డకట్టించి పైన తేలిన ద్రవాన్ని వాడితే, దీనికి గడ్డకట్టని గొట్టంలో ఉన్నదున్నట్టుగా తీసుకునేది ఇందుకే.

ఎర్రకణాలే తగ్గిపోతే? రక్తహీనత ఉన్నవారిలో టాక్రోలిమస్ అంకె తక్కువగా కనిపించవచ్చు, విడి మందు మాత్రం అంతే ఉండవచ్చు. బస్సులు తగ్గిన ఫెనిటాయిన్ కథే ఇక్కడ గదులు తగ్గిన కథ అయింది. అందుకే మార్పిడి చేయించుకున్నవారి రిపోర్టులో మందు అంకె పక్కన హెమోగ్లోబిన్ కూడా ఉండాలి.

ఇక మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలచుకోవాల్సిన మందు ఒకటుంది. ఆయన అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలలో పరిశోధన విభాగానికి నాయకత్వం వహిస్తున్న కాలంలో ఫోలిక్ ఆమ్లానికి అడ్డుపడే మందులు పుట్టాయి. ఆ కుటుంబానికి చెందినదే మెథోట్రెక్సేట్. ఇప్పుడు కీళ్లవాతానికి, సోరియాసిస్‌కు విరివిగా ఇస్తున్నారు. ప్లాస్మాలో ఇది సగం మేరకు ప్రొటీన్లకు అతుక్కుంటుంది. ఒకటి రెండు రోజుల్లో ప్లాస్మాలోంచి దాదాపుగా మాయమవుతుంది. కానీ కణాల్లోకి చేరిన మందుకు ఒక గొలుసు తగులుకుంటుంది. ఆ గొలుసుతో బయటికి రాలేక ఎర్రకణాల్లోనూ, ఇతర కణాల్లోనూ వారాల తరబడి ఉండిపోతుంది. అందుకే కీళ్లవాతానికి దీన్ని వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుని ప్రాణాలు పోగొట్టుకున్నవారు ఎన్నో దేశాల్లో ఉన్నారు. మీ ఇంట్లో పెద్దవాళ్లెవరైనా ఈ మాత్ర వాడుతుంటే, ఏ వారం వేసుకోవాలో డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. 'సోమవారం మాత్రమే' అన్నట్టు.

ఎవరు మరింత జాగ్రత్తగా ఉండాలి?

కాలేయం గట్టిపడి పొట్టలో నీరు చేరినవారు, మూత్రంలో ప్రొటీను పోతున్నవారు, డయాలసిస్ మీద ఉన్నవారు, చాలా రోజులు ఐసీయూలో ఉండి వచ్చినవారు, ఒళ్లు బాగా కాలినవారు, తిండి సరిగా లేక చిక్కిపోయిన వృద్ధులు. వీళ్లలో ఆల్బుమిన్ తక్కువగా ఉంటుంది. గర్భిణుల్లోనూ కొంత తగ్గుతుంది. నవజాత శిశువుల సంగతి చెప్పుకున్నాం.

* డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు మందుల చీటీతో పాటు ఇటీవలి ఆల్బుమిన్, హెమోగ్లోబిన్ రిపోర్టులు కూడా తీసుకెళ్లండి.
* మందు అంకె ఒక్కటే చూసి మోతాదు పెంచడం, తగ్గించడం ఇంట్లో చేయకండి. మనిషి ఎలా ఉన్నాడన్నది అంకెతో సమానంగా ముఖ్యం.
* అంకె బాగుందన్నా మనిషి తూలుతున్నా, మగతగా ఉన్నా ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి.
* కొత్తగా ఏ డాక్టరు ఏ మందు రాసినా, పాత మందుల జాబితా ఆయన ముందు పెట్టండి. ఆయుర్వేదం, హోమియో, బలం మందులు కూడా అందులో ఉండాలి.
* ఒకరి మందు మరొకరికి ఇవ్వకండి. మాత్ర ఒకటే అయినా ఒళ్లు ఒకటి కాదు.

మీ సందేహాలు

కోడిగుడ్డులోని తెల్లసొన తింటే రక్తంలో ఆల్బుమిన్ పెరుగుతుందా?

తెల్లసొనలో ఉండేదీ, రక్తంలో ఉండేదీ ఒకటి కాదు. పేరులో పోలిక ఉంది, అంతే. గుడ్డు తిన్నప్పుడు అది అరిగి చిన్న ముక్కలవుతుంది. వాటితో కాలేయం తన ఆల్బుమిన్‌ను తాను తయారుచేసుకుంటుంది. తిండి చాలక తగ్గినవారికి గుడ్డు, పప్పు, పాలు మేలు చేస్తాయి. కాలేయం చెడిపోయో, కిడ్నీల గుండా కారిపోయో తగ్గితే జబ్బుకు చికిత్స జరగాలి. గుడ్లు ఒక్కటే తింటే చాలదు. కిడ్నీ జబ్బున్నవారు ఎంత ప్రొటీను తినాలో డాక్టరునే అడగాలి.

మందు పరీక్షకు రక్తం ఇచ్చే రోజు ఉదయం మాత్ర వేసుకుని వెళ్లొచ్చా?

టాక్రోలిమస్ లాంటి మందులకు సాధారణంగా ఉదయం మోతాదుకు ముందే రక్తం తీస్తారు. రాత్రి వేసుకున్న మందు తెల్లారేసరికి ఎంత మిగిలిందో చూడటం దీని ఉద్దేశం. మాత్ర వెంట తీసుకెళ్లి, రక్తం ఇచ్చిన వెంటనే వేసుకోండి. ఇంట్లో వేసుకుని వెళితే అంకె ఎక్కువగా వస్తుంది, అనవసరంగా మోతాదు తగ్గించే ప్రమాదం ఉంటుంది. ఒకవేళ వేసేసుకుని ఉంటే దాచకుండా ఎన్నింటికి వేసుకున్నారో ల్యాబువాళ్లకు చెప్పి, ఆ సమయాన్ని రిపోర్టు మీద రాయించండి.